మీరు అడిగారు: బీటా సైట్లు బతికాయా, పోయాయా?

పోయిన సంచికలో నా పాత నోట్‌బుక్ గురించి రాశాను. 2004 నుంచి కొన్నేళ్ళ పాటు, కొత్తగా వచ్చిన బీటా సైట్లలో (ఇంకా పరీక్ష దశలోనే ఉన్నామని చెప్పుకునేవి) నేను ఖాతా తెరిచిన వాటి పేర్లు, తేదీలు, చివరికి వాటి గతి ఏమైందీ అందులో రాసుకున్నాను. దాని మీద ఉత్తరాలు బాగానే వచ్చాయి. కొన్నిటికి జవాబులు ఇవి.

ప్రశ్న: జీమెయిల్ ఐదేళ్ళు బీటాలోనే ఉందని రాశారు. అన్నాళ్ళు పరీక్షించడానికి ఏముంటుంది సార్?
– ఇంజినీరింగ్ విద్యార్థి, వరంగల్

ఏమీ ఉండదు తమ్ముడూ. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ వచ్చింది. ఒక జీబీ స్థలం ఉచితమంటే చాలామంది ఏప్రిల్ ఫూల్ చేస్తున్నారనుకున్నారు, ఎందుకంటే అప్పటికి హాట్‌మెయిల్ ఉచితంగా ఇచ్చేది 2 ఎంబీ. లోగో పక్కనుంచి బీటా అన్న మాట పోయింది 2009 జులైలో. అదీ పరీక్షలు పూర్తయ్యి కాదు, బీటా అని రాసి ఉన్న మెయిల్‌ని డబ్బులిచ్చి కొనడానికి కంపెనీలు వెనకాడుతున్నాయని. ఆ మాట లేకపోతే తోచని వాళ్ళ కోసం దాన్ని మళ్ళీ తెచ్చిపెట్టుకునే ఆప్షన్ కూడా సెట్టింగ్స్‌లో పెట్టారు, చూడండి ఎంత సరదాగా తీసుకున్నారో!

సాఫ్ట్‌వేర్ సీడీల్లో అమ్మే రోజుల్లో బీటాకి ఒక గడువుండేది. సీడీ అచ్చయ్యాక దిద్దుకోలేరు కాబట్టి ముందే బయటివాళ్ళ చేతికిచ్చి తప్పులు పట్టించుకునేవారు. వెబ్‌లో రాత్రికి రాత్రి మార్చేయొచ్చు, ఇక గడువెందుకు? అలా బీటా అంటే 'ఏదైనా చెడితే మమ్మల్ని అనకండి' అనే ముందు జాగ్రత్తగా మిగిలింది. దానికి తోడు 'ఇన్విటేషన్ ఉంటేనే లోపలికి' అన్న గీర. నాకు జీమెయిల్ ఇన్విటేషన్ ఇచ్చిన రూమ్మేట్ అమీర్‌పేట హాస్టల్లో నెల రోజులు నాతో టీ తెప్పించుకున్నాడు. ఫొటోలు పెట్టుకునే ఫ్లికర్ వాళ్ళయితే 2006లో బీటా తీసేసి ఆ చోట గామా అని రాశారు, గ్రీకులో బీటా తర్వాతి అక్షరం అదే మరి.

ప్రశ్న: ఒక సైటును పెద్ద కంపెనీ కొన్నదంటే అది గెలిచినట్టే కదా? మరి 'కొన్నారు' అన్న చాలాచోట్ల ఎర్ర ఇంకు ఎందుకు వాడారు?
– స్టార్టప్ ఉద్యోగి, మాదాపూర్

పెట్టినవాళ్ళు గెలిచినట్టే, నిక్షేపంగా. నేను రాసుకున్నది వాడుకునేవాడి లెక్క, వాడికి సైటు దక్కకుండా పోతే ఎర్ర ఇంకు.

డెలీషియస్ సంగతి చెప్తాను, నా నోట్‌బుక్‌లో రెండు పేజీలు దానివే. జాషువా షాక్టర్ అనే ఆయన మోర్గాన్ స్టాన్లీ బ్యాంకులో ఉద్యోగం చేసుకుంటూ 2003లో పెట్టాడు. నచ్చిన లింకు దాచుకోవడం, దానికి మనకు తోచిన ట్యాగ్ తగిలించుకోవడం, ఇంకెవరెవరు దాన్ని దాచారో చూడటం, ఇంతే. 'వంట' అన్న ట్యాగ్ కింద నేను దాచిన గోంగూర పచ్చడి లింకునే ఇంకో నలుగురు దాచారని చూసి ఆ నలుగురి లింకులూ తిరగేస్తూ ఒక ఆదివారమంతా గడిపాను. 2005 డిసెంబర్‌లో యాహూ కొన్నది. సంబరపడ్డాం, ఇక సర్వర్లు పడిపోవు అని. సర్వర్లు పడిపోలేదు, సైటే కదలకుండా కూర్చుంది. షాక్టర్ 2008లో యాహూ నుంచి వెళ్ళిపోయాడు. 2010 డిసెంబర్‌లో యాహూ లోపలి మీటింగ్ స్లైడ్ ఒకటి బయటికి పొక్కింది, మూసేయాల్సిన వాటి జాబితాలో డెలీషియస్ పేరుంది. ఆ రోజు నా టెన్షన్ చూసి మా ఆవిడ ఆఫీసులో ఏమైందోనని కంగారుపడింది. లింకులన్నీ ఫైలుగా దించుకునేసరికి అర్ధరాత్రి దాటింది.

మూసేయలేదు, 2011లో యూట్యూబ్ పెట్టినవాళ్ళలో ఇద్దరికి అమ్మేశారు. వాళ్ళ నుంచి ఇంకొకరికి, మళ్ళీ ఇంకొకరికి. చివరికి 2017లో 35 వేల డాలర్లకు కొన్నదెవరనుకున్నారు? పిన్‌బోర్డ్. 2009లో మొదలై, ఒకే మనిషి నడిపిన సైటు, అదే పని చేసేది, కాకపోతే మొదటి నుంచీ చేరడానికే డబ్బులు తీసుకునేది, ఒక్కొక్కరు చేరేకొద్దీ ఆ ఫీజు సెంటులో ఏదో కొసరంత పెరిగేది. స్లైడ్ బయటపడిన రోజు జనం ఎగబడింది దాని మీదికే. 'డబ్బులెవడిస్తాడు లింకులకి' అని నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను, ఒప్పుకుంటున్నాను.

మనం ఎక్కడున్నామో ఫోన్ మెసేజ్‌తో స్నేహితులకు తెలిపే డాడ్జ్‌బాల్‌దీ దాదాపు అదే కథ. గూగుల్ 2005లో కొన్నది, పెట్టినవాళ్ళు విసిగి 2007లో బయటికొచ్చారు, 2009లో మూత. అందులో ఒకడైన డెనిస్ క్రౌలీ అదే ఏడాది దాదాపు అదే ఆలోచనతో ఫోర్‌స్క్వేర్ తెచ్చాడు. అంటే కొన్నవాళ్ళకు సైటు దక్కింది, ఊపిరి మాత్రం మనిషితో పాటు వెళ్ళిపోయింది.

అన్నీ అలాగే అయ్యాయంటే అబద్ధమవుతుంది. బ్రౌజర్‌లోనే డాక్యుమెంట్లు రాసుకునే రైట్లీ అని ఒకటి ఉండేది, 2006లో గూగుల్ కొన్నాక పేరు పోయింది గానీ అదే గూగుల్ డాక్స్‌గా ఇవాళ మీ ఆఫీసులో ఉంది. నా లెక్కలో తేడా ఎక్కడంటే, కొన్న కంపెనీ సొంత పనికి ఆ సైటు అవసరమైతే బతికింది. ఎదుటివాడికి దక్కకూడదనో, అందులోని నలుగురు మంచి ఇంజినీర్ల కోసమో కొంటే మాత్రం ఎర్ర ఇంకే.

ప్రశ్న: మా అబ్బాయి ఫొటోలన్నీ ఒక కొత్త యాప్‌లో పెడుతున్నాడు. అది మునిగిపోయేదా కాదా ముందే తెలిసే మార్గముందా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

కచ్చితంగా తెలియదు మాస్టారూ, వాసన మాత్రం వస్తుంది. నేను మొదట చూసేది పేజీ అడుగున కాపీరైట్ పక్కనుండే సంవత్సరం. అది రెండేళ్ళు వెనకబడి ఉంటే ఇంట్లో మనుషులున్నారో లేదో అనుమానించాల్సిందే. తర్వాత సపోర్ట్‌కి ఏదో చిన్న ప్రశ్నతో మెయిల్ పెడతాను, వారంలో జవాబు రాలేదంటే ఆ ఖాతాలో కొత్తగా ఏమీ పెట్టను. ఇక 'ఉత్సాహకరమైన కొత్త ప్రయాణం' అంటూ మెయిల్ వచ్చిందా, చివరి పేరా చదవండి, మూసే తేదీ అక్కడుంటుంది.

అబ్బాయితో ఈ పని ఇవాళే చేయించండి. ఆ యాప్‌లో ఫొటోలన్నీ ఒకేసారి దించుకునే బటన్ ఉందేమో చూసి, ఒకసారి నిజంగానే దించమనండి. బటన్ ఉండటం వేరు, అది పనిచేయడం వేరు. నేను వాడిన ఒక సైటులో ఆ బటన్ నొక్కితే ఖాళీ ఫైలు వచ్చింది, ఆ సంగతి నాకు తెలిసింది మూసేసే ముందు రోజు.

ఫ్లికర్ బతికే ఉంది కదా అనుకోవచ్చు. అదీ యాహూ చేతిలో నలిగి 2018లో స్మగ్‌మగ్ అనే చిన్న కుటుంబ కంపెనీ చేతికొచ్చింది. వాళ్ళు అదే ఏడాది ఉచిత ఖాతాకి వెయ్యి ఫొటోలే అన్నారు. చాలామంది తిట్టుకున్నారు, నేను డబ్బు కట్టాను.

ప్రశ్న: మనవాళ్ళది ఒక్కటీ లేదా మీ నోట్‌బుక్‌లో?
– గృహిణి, నిజామాబాద్

ఎందుకు లేదండీ, రెడ్‌బస్. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి బస్సు టికెట్ దొరక్క ఫణీంద్ర సామకు పుట్టిన ఆలోచన. 2006లో మొదలైంది, 2013లో ఐబీబో అనే కంపెనీ కొన్నది. ఎర్ర ఇంకు పడలేదు, మొన్న సంక్రాంతికి నా టికెట్ అందులోనే తీసుకున్నాను. ఫణీంద్ర గారు తర్వాత తెలంగాణకు ముఖ్య ఇన్నోవేషన్ అధికారిగా కూడా పనిచేశారు.

ప్రశ్న: ఆర్కుట్‌లో మా డిగ్రీ స్నేహితులు నా పేజీ మీద రాసిన స్క్రాప్‌లు (చిన్న సందేశాలు) తిరిగి చూసుకునే వీలుందా?
– బ్యాంకు ఉద్యోగిని, రాజమండ్రి

లేదమ్మా. ఆర్కుట్‌ని 2014 సెప్టెంబర్ 30న మూసేశారు. ఖాతాలోని సరంజామా దించుకోవడానికి 2016 సెప్టెంబర్ దాకా గడువిచ్చారు. కమ్యూనిటీల్లో రాసుకున్నవి కొంతకాలం చూడటానికి ఉంచారు గానీ తర్వాత అవీ తీసేశారు. మీ స్నేహితుల్లో ఎవరైనా అప్పట్లో పేజీలు సేవ్ చేసుకునే అలవాటున్నవాళ్ళుంటే ఒకసారి అడిగి చూడండి. మా బ్యాచ్‌లో అలాంటివాడు ఒకడున్నాడు. వాడి పాత పెన్‌డ్రైవ్‌లో నా పుట్టినరోజుకి వచ్చిన పదకొండు స్క్రాప్‌లు దొరికాయి, అందులో నాలుగు వాడు రాసినవే.