శాండర్స్ నిలబడి ఉంటే గెలిచేవారా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను రైల్వేలో రిటైరై సత్యనారాయణపురంలో ఉంటున్నాను. మా అబ్బాయి, కోడలు టెక్సాస్‌లో స్థిరపడ్డారు. ఇద్దరికీ అక్కడ ఓటు ఉంది, ఇద్దరూ డెమోక్రటిక్ పార్టీ వైపే. అయినా ఆదివారం వీడియో కాల్‌లో కూడా వాదించుకుంటారు. మధ్యేవాదిని నిలబెడితేనే అధ్యక్ష పదవి దక్కుతుందని, వామపక్షం మనిషిని పెడితే పార్టీ మునుగుతుందని అబ్బాయి అంటాడు. 2016లో హిల్లరీ క్లింటన్‌కు బదులు వామపక్ష నేత బెర్నీ శాండర్స్‌ను నిలబెట్టి ఉంటే ట్రంప్ గెలిచేవాడే కాదని కోడలు అంటుంది. చరిత్ర ఎవరి వైపు ఉంది?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: నమస్కారమండీ. గుంటూరులో ముప్పై ఏళ్లు రాజనీతి శాస్త్రం పాఠం చెప్పాను. అమెరికా ఎన్నికల దగ్గరికి వచ్చేసరికి ఏటా ఎవరో ఒకరు ఇదే అడిగేవారు. అప్పట్లో పిల్లలకు ఒకటే చెప్పేదాన్ని: ముందు ఆ ఏడాది దేశం ఎలా ఉందో చూడండి, అభ్యర్థి ఎటువైపు మనిషో తర్వాత చూద్దాం. ఇప్పుడూ అదే చెబుతాను, కాకపోతే కాస్త వివరంగా.

మీ అబ్బాయికి బలమైన సాక్ష్యం 1972. వియత్నాం యుద్ధం వెంటనే ఆపాలన్న జార్జ్ మెక్‌గవర్న్‌ను డెమోక్రాట్లు నిలబెట్టారు. 50 రాష్ట్రాల్లో ఆయన గెలిచింది మాసచూసెట్స్ ఒక్కటే, దానికి తోడు రాజధాని వాషింగ్టన్. కొసకు వెళితే కుడివైపు వాళ్లకూ ఇదే గతి పట్టింది. 1964లో రిపబ్లికన్ బ్యారీ గోల్డ్‌వాటర్ 44 రాష్ట్రాల్లో ఓడిపోయారు. ఇక మధ్యేమార్గం నడిచి గెలిచినవాళ్లలో 1992లో బిల్ క్లింటన్, 2020లో జో బైడెన్ ఉన్నారు.

ఇక్కడితో ఆపితే అబ్బాయిదే గెలుపు. కానీ జిమ్మీ కార్టర్‌ను చూడండి. 1976లో మధ్యేవాదిగా వచ్చి గెలిచారు. రిపబ్లికన్ అధ్యక్షుడు నిక్సన్ రాజీనామాకు దారితీసిన వాటర్‌గేట్ కుంభకోణంతో జనం రిపబ్లికన్ల మీద విసిగిపోయి ఉన్నారు. నాలుగేళ్లు తిరిగేసరికి అదే మనిషి, అవే అభిప్రాయాలు, చేతికి దక్కింది ఆరే రాష్ట్రాలు. ధరలు మండిపోతున్నాయి, ఇరాన్‌లో అమెరికా ఎంబసీ సిబ్బంది బందీలుగా ఉన్నారు. ఆయన్ను ఓడించిన రీగన్‌ను మరీ కుడివైపు మనిషని అప్పటిదాకా చాలామంది కొట్టిపారేశారు. మధ్యేమార్గమే గెలిపిస్తుందనుకుంటే 1980ని ఎలా అర్థం చేసుకోవాలి?

మెక్‌గవర్న్ ఓటమిని కూడా పూర్తిగా వామపక్షం ఖాతాలో వేయడం నాకు ఇష్టం ఉండదు. ఆ ఏడాది ఆయన ప్రత్యర్థి, అధ్యక్షుడు నిక్సన్ చైనా వెళ్లి వచ్చారు, ఆర్థిక పరిస్థితి బాగుంది. పైగా మెక్‌గవర్న్ ఉపాధ్యక్ష అభ్యర్థిగా ఎంచుకున్న సెనేటర్ గతంలో మానసిక చికిత్స తీసుకున్న సంగతి బయటపడి, మధ్యలోనే తప్పుకోవాల్సి వచ్చింది. 1984లో వాల్టర్ మాండేల్ విప్లవకారుడేమీ కాదు, పార్టీ పెద్దల మనిషి. ఆయనా 49 రాష్ట్రాలు పోగొట్టుకున్నారు.

అటువైపు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఉన్నారు. 1935లో వృద్ధులకు పెన్షన్ ఇచ్చే చట్టం తెచ్చి, మరుసటి ఏడాది 48 రాష్ట్రాల్లో 46 గెలిచారు. అది మహామాంద్యం కాలం. తిండి లేని ఇంట్లో ఇది వామపక్షమా మధ్యేమార్గమా అని ఎవరు అడుగుతారండీ? ఒబామా కూడా అంతే. ఇరాక్ యుద్ధాన్ని మొదటి నుంచీ వ్యతిరేకించి, పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే ప్రైమరీలో హిల్లరీ కంటే ఎడమవైపు నిలబడ్డారు. 2008 సెప్టెంబరులో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కుప్పకూలింది, నవంబరులో ఆయనకు 365 ఎలక్టోరల్ ఓట్లు (రాష్ట్రాల వారీగా గెలుచుకునే, అధ్యక్షుణ్ని తేల్చే ఓట్లు) వచ్చాయి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అధికారంలో ఉన్న పార్టీకి మళ్లీ ఇవ్వాలా వద్దా అన్నదే అక్కడి ఓటరు ముందుగా తేల్చుకునేది. మరీ ఒక కొసకు చెందిన మనిషి అన్న ముద్ర పడితే దాని మీద కొంత నష్టం తప్పదు. గాలి బలంగా ఉన్న ఏడాది ఆ నష్టం లెక్కలోకి రాదు. పోటీ హోరాహోరీగా ఉంటే అదే కొంప ముంచుతుంది.

2016 అలాంటి హోరాహోరీ ఏడాది. హిల్లరీకి దేశం మొత్తం మీద 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చాయి, అయినా ఓడారు. మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా మూడింటిలో కలిపి 80 వేల లోపు ఓట్లతో పోయింది. ఆ వార్త చదివినప్పుడు నాకు మా నాన్నగారు గుర్తొచ్చారు. 1955 ఆంధ్ర ఎన్నికల్లో ఆయన తెనాలి చుట్టుపక్కల ఎర్రజెండా పట్టుకుని తిరిగారు. 1952లో మన ప్రాంతంలో కమ్యూనిస్టులకు 41 సీట్లు వచ్చాయి. 1955లో ఓట్లు 31 శాతానికి పెరిగాయి, సీట్లు 15కు పడిపోయాయి. అవతలివాళ్లంతా ఒక్కటవడంతో అలా జరిగింది. ‘ఓట్లు పెరిగితే ఓడిపోవడమేంటమ్మా’ అని చివరి రోజుల దాకా అంటూనే ఉండేవారు.

శాండర్స్ సంగతికి వద్దాం. ఆ మూడు రాష్ట్రాల్లో మిషిగన్, విస్కాన్సిన్ ప్రైమరీల్లో ఆయనే హిల్లరీని ఓడించారు. కాబట్టి మీ కోడలి మాటను నేను తేలిగ్గా తీసుకోను. కానీ ప్రైమరీకి వచ్చేది ఎక్కువగా ఆ పార్టీని అభిమానించేవాళ్లే. 2020లో అదే మిషిగన్ ప్రైమరీలో ఆయన బైడెన్ చేతిలో ఓడిపోయారు. అంటే నాలుగేళ్ల క్రితం పడిన ఓట్లలో కొన్ని ఆయన సిద్ధాంతానికి కాక, హిల్లరీ మీద కోపంతో పడ్డాయని నేను అనుకుంటాను. అందుకే ఆయన తప్పకుండా గెలిచేవారని మాత్రం అనలేను.

ఒక మాట మీ పిల్లలిద్దరికీ చెప్పండి. టెక్సాస్‌లో 1976 తర్వాత ఏ డెమోక్రాటూ అధ్యక్ష ఎన్నికల్లో గెలవలేదు. 2024లో ట్రంప్ ఆధిక్యం దాదాపు 14 శాతం. వాళ్ల వాదన తేలేది ప్రైమరీలోనే. 2020లో అక్కడ బైడెన్ మొదట, శాండర్స్ రెండో స్థానంలో వచ్చారు, తేడా ఐదు శాతం లోపే. నవంబరు సంగతి ఎలా ఉన్నా, ప్రైమరీ రోజు మాత్రం ఇద్దరినీ తప్పకుండా వెళ్లి ఓటు వేయమనండి.

ప్రశ్న: మధ్యలో ఉన్నవాళ్లకే ఓట్లు ఎక్కువ పడతాయని మా క్లాసులో చెప్పారు. నిజమేనా మేడమ్?
– డిగ్రీ విద్యార్థిని, గుంటూరు

జవాబు: మన బ్రాడీపేటలో ఒక లైను ఊహించుకో తల్లీ. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఇళ్లు, రెండు ఇడ్లీ బండ్లు. అందరూ దగ్గరున్న బండి దగ్గరికే వెళ్తారనుకుంటే రెండు బండ్లూ జరిగి జరిగి లైను మధ్యకు చేరతాయి. మీకు చెప్పింది ఇదే. అయితే బండి మరీ దూరమైపోతే కొసనున్నవాళ్లు ఇంట్లోనే ఉప్మా చేసుకుంటారు. అమెరికాలో ఇది చిన్న విషయం కాదు. మన రాష్ట్రంలో 2024లో పోలింగ్ 80 శాతం దాటింది. అక్కడ 2016లో 60 శాతం దగ్గరే ఆగింది, బాగా కదిలిందన్న 2020లోనూ మూడింట రెండొంతులే. కొసనున్నవాళ్లను గడప దాటిస్తే చాలని శాండర్స్ మద్దతుదారులు అనేది ఇందుకే. ఆ వాదనలో బలం ఉంది. కానీ ఒక కొసవాళ్లు కదిలితే, అది చూసి రెండో కొసవాళ్లు కూడా కదులుతారని మర్చిపోకు.

ప్రశ్న: అమెరికాలో వామపక్షం అంటే మన ఎర్రజెండా పార్టీల్లాంటిదేనా?
– ఒక పాఠకుడు, మంగళగిరి

జవాబు: కాదండీ. శాండర్స్ తనను ప్రజాస్వామ్య సోషలిస్టునని చెప్పుకుంటారు, కానీ భూములు పంచాలని, కర్మాగారాలన్నీ ప్రభుత్వం తీసుకోవాలని అడగడం లేదు. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం ఇచ్చిన ఎన్టీఆర్‌ను గానీ, 2007లో ఆరోగ్యశ్రీ తెచ్చిన రాజశేఖరరెడ్డిని గానీ మనం వామపక్షం అనలేదు. శాండర్స్ అడిగేవీ అలాంటి సంక్షేమ పథకాలే, ముఖ్యంగా వైద్యం. 65 ఏళ్లు దాటినవాళ్లకు ప్రభుత్వమే వైద్య బీమా ఇచ్చే మెడికేర్ అక్కడ ఎప్పటినుంచో ఉంది, 1965లో అధ్యక్షుడు జాన్సన్ దాని మీద సంతకం చేశారు. దాన్నే అన్ని వయసులవాళ్లకూ ఇమ్మని శాండర్స్ అడుగుతున్నారు.