పద్దెనిమిదో హోల్ తాలుగా ఉంటే కోర్సు గొప్పతనం తగ్గుతుందా?

కొన్ని హోల్స్ (మొదటి దెబ్బ కొట్టే చోటు నుంచి బంతిని వేయవలసిన గుంట దాకా ఉండే ఒక్కో భాగం) అద్భుతంగానూ, కొన్ని మరీ నాసిగానూ ఉన్న గోల్ఫ్ కోర్సును గొప్ప కోర్సుల లెక్కలో వేయవచ్చా, అలాంటివి ఏవైనా ఉన్నాయా అని మీరు అడిగారు. నిస్సంకోచంగా వేయవచ్చు. అసలు పద్దెనిమిది హోల్సూ ఒకే స్థాయిలో ఉన్న కోర్సంటేనే నాకు అనుమానం. నేల ఎక్కడా అంత సమంగా ఉండదు. ముప్పై రెండేళ్లు కృష్ణా డెల్టా కాలువ గట్ల మీద తిరిగి పదవీ విరమణ చేసినవాణ్ని కాబట్టి, ఈ ఒక్క విషయంలో నా మాటను కాస్త నమ్మవచ్చు.

ఈ ఆట నాకు ఆలస్యంగా, యాభై దాటాక, డెప్యుటేషన్ మీద హైదరాబాద్‌లో ఉన్న రోజుల్లో అంటుకుంది. విజయవాడకు తిరిగి వచ్చాక దీని గురించి మాట్లాడటానికి మనిషి దొరకటమే గగనమైంది. ఫలానా హోల్ నాలుగు వందల గజాలు అని నేను మొదలుపెట్టగానే, అక్కడ గజం ఎంత పలుకుతున్నదని అవతలివారు అడుగుతారు. ఈ ఫిర్యాదు ఇక్కడ ఊరికే చేయటం లేదు. నా సమాధానంలో సగం ఆ గజం ధర చుట్టూనే తిరుగుతుంది.

మా ఆవిడ అన్నగారికి గుంటూరులో మిర్చి వ్యాపారం. కొన్నేళ్ల క్రితం ఒక చలికాలంలో ఆయనను వెంటబెట్టుకుని, మా ఊరి నుంచి ఒక పూట ప్రయాణమంత దూరంలో ఉన్న ఒక కోర్సుకు వెళ్లాను. దాని పేరు ఇక్కడ రాయటం భావ్యం కాదు. బావగారు అంతకుముందు రెండుసార్లు మాత్రమే క్లబ్బు, అంటే గోల్ఫ్ కర్ర, చేతబట్టినవారు. మొదటి పద్నాలుగు హోల్స్ గురించి చెప్పుకోవలసింది పెద్దగా లేదు. పదిహేనోది మాత్రం పాత చెరువు మూల మీదుగా కొట్టవలసిన పార్ 3, అంటే మంచి ఆటగాడు మూడు దెబ్బల్లో ముగించాలని లెక్క. దూరం 150 గజాలకు మించదు గానీ, ఎడమవైపు నీరు, కుడివైపు లోతైన బంకర్ అనే ఇసుక గుంట, జెండా పాతిన నున్నటి పచ్చికైన గ్రీన్ వెనుక చెరువు కట్ట, ఆ కట్ట మీద వరుసగా తాడిచెట్లు. తాడాకుల ఎత్తున గాలి ఒక వైపు వీస్తుంటే, నీటి మీద మరొక వైపు వీస్తుంది. ఆ గాలుల లెక్కలన్నీ వేసుకుని, ఆరో నంబరు ఐరన్ అనే క్లబ్బుతో నేను కొట్టిన బంతి నేరుగా నీళ్లలో పడింది. ఏ లెక్కా వేయకుండా బావగారు కొట్టిన బంతి కట్ట వాలుకు తగిలి, వెనక్కి దొర్లుకుంటూ వచ్చి, జెండాకు పదడుగుల దూరంలో ఆగింది. మరి రెండు దెబ్బల్లో ఆయన ముగించారు. అది ఆయన జీవితంలో మొదటి పార్. మిర్చి యార్డులో ధర ఎగసిన రోజున కూడా ఆయన ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు.

పద్దెనిమిదో హోల్ దగ్గర ఆ వెలుగంతా ఆరిపోయింది. అది 290 గజాల పార్ 4. కుడివైపు పొడవునా ఎత్తైన ప్రహరీ గోడ, ఎడమవైపు ప్రాక్టీసు వల, ఆ రెంటి మధ్య సందులాంటి పచ్చిక. ముందు ఆడుతున్నవారు గ్రీన్ ఖాళీ చేసేవరకు ఇరవై నిమిషాలు ఎండలో నిలబడ్డాం. బావగారి మొదటి బంతి గోడ దాటిపోయింది. అవతల రేకుల షెడ్డు మీద అది పడిన చప్పుడు మాకు స్పష్టంగా వినిపించింది. రెండో బంతి కూడా అక్కడికే చేరింది. మూడోదానికి గోడ అవతలి నుంచి ఎవరో గట్టిగా తిట్టారు. నిజానికి ఆ తిట్లలో న్యాయముంది. ఆ హోల్‌కు ఆయన పదకొండు రాసుకున్నారు.

“బావగారూ, మిర్చి టిక్కీ విప్పినప్పుడు పైన ఎంత మంచి కాయ ఉన్నా, అడుగున తాలు కనబడిందంటే మేము ధర కోసేస్తాం. మీ కోర్సుకూ అంతే,” అని ఆయన తీర్పు చెప్పేశారు. రంగు వెలిసి తెల్లబారిన కాయను గుంటూరులో తాలు అంటారు. గోల్ఫ్ పత్రికలు ప్రకటించే ర్యాంకులన్నీ కలిపినా, నాసి హోల్‌కు ఇంతకంటే సరైన పేరు నాకు దొరకలేదు.

మా సంచి మోసిన క్యాడీ నాకంటే వయసులో పెద్దవాడు, కుర్రతనం నుంచీ అక్కడే పనిచేస్తున్నవాడు. ఆ మాటకు ఆయన నొచ్చుకున్నాడు. “అప్పట్లో ఈ గోడ లేదు సార్. ఆ ఫంక్షన్ హాలు కనబడుతోంది చూడండి, అదంతా చింతతోపు. బంతి ఆ తోపును చుట్టి రావలసిందే. మంచి మంచి ఆటగాళ్లే ఇక్కడ తల పట్టుకునేవారు,” అంటూ పాత గ్రీన్ ఉండిన చోటును చేత్తో చూపించాడు. అక్కడ కార్లు నిలిపి ఉన్నాయి.

ఆ రోజు నుంచి ఏ కోర్సులో నాసి హోల్ ఎదురైనా, దాన్ని నేల తెచ్చిపెట్టిందా, మనిషి ఆశ తెచ్చిపెట్టిందా అన్నదే నేను ముందుగా చూస్తాను. నేల తెచ్చిపెట్టినదానికి కోర్సును తప్పుపట్టటం అన్యాయం.

దీనికి సైప్రస్ పాయింట్‌ను మించిన ఉదాహరణ నాకు తెలియదు. కాలిఫోర్నియాలో పసిఫిక్ తీరాన ఉన్న ఆ కోర్సు 1928లో మొదలైంది. దాన్ని రూపొందించిన అలిస్టర్ మెకంజీ చదివింది వైద్యం. అక్కడ 15, 16 హోల్స్ రెండూ వరుసగా పార్ 3లే, రెండూ సముద్రపు నీటి మీదుగా కొట్టవలసినవే. పదహారోది సుమారు 230 గజాలుంటుంది. మెకంజీ కంటే ముందు ఆ పని చేపట్టి 1926లో మరణించిన సేత్ రేనర్, అంత దూరం నీటి మీదుగా కొట్టటం కుదరదని అనుకున్నాడట. ఆ కోర్సు నిర్మాణానికి పూనుకున్న మారియన్ హాలిన్స్, 1921లో అమెరికా మహిళల అమెచ్యూర్ చాంపియన్‌గా నిలిచిన ఆమె, బంతిని నేల మీద పెట్టి, ఇప్పుడు గ్రీన్ ఉన్న చోటికి కొట్టి చూపించిందనీ, ఆ హోల్ ఘనత ఆమెదేననీ మెకంజీయే చెప్పాడు. ఇంత వైభవం తరువాత వచ్చే పద్దెనిమిదో హోల్, చెట్ల మధ్య నుంచి వంకర తిరుగుతూ ఎగువకు పోయే ఒక పొట్టి పార్ 4. అందుకే ఆ కోర్సును ప్రపంచంలోకెల్లా ఉత్తమమైన పదిహేడు హోల్స్ కోర్సు అని గోల్ఫర్లు ఎగతాళి చేస్తారు.

మా అమ్మాయి శాన్ హోసేలో ఉంటుంది. ఆమె దగ్గరికి వెళ్లినప్పుడు, సెవెంటీన్ మైల్ డ్రైవ్ అనే రోడ్డు పక్కన కారు ఆపించి, ఆ తీరాన్ని దూరం నుంచి చూశాను. ఆట ముగించి చేరవలసిన క్లబ్ హౌస్ మిట్ట మీద ఉంది, మంచి నేలంతా నీటి అంచున ఉంది. అంచుకు దిగినవాడు తిరిగి మిట్ట ఎక్కక తప్పదు కదా! మా కాలువల సంగతీ ఇంతే. విజయవాడ నగరం నడుమ నుంచి పోయే ఏలూరు, రైవస్, బందరు కాలువలను చూసి మురిసిపోయేవారు నాకు ఇంతవరకు తారసపడలేదు. అయినా ఆ ముక్క దాటకుండా బ్యారేజీ నీరు డెల్టా పొలాలకు చేరదు. మా ఉద్యోగంలో కాలువ మంచిచెడ్డలు శివారు పొలం దగ్గర తేలేవి. గోల్ఫ్ కోర్సుకు మాత్రం శివారు కొలత పనికిరాదని నాకు ఆ సముద్ర తీరాన నిలబడినప్పుడే తోచింది.

ఆశ తెచ్చిపెట్టిన తాలు ఎలా ఉంటుందో చూడాలంటే అక్కడికి దగ్గరలోనే ఉన్న పెబుల్ బీచ్ చరిత్ర చదవాలి. 1919లో మొదలైన ఆ కోర్సు కట్టకముందే, 1915లో, తీరాన ఉన్న ఒక ముక్కను ఇంటి స్థలంగా అమ్మేశారు. దాంతో నాలుగో హోల్‌లో సముద్రం పక్కన నడిచిన ఆటగాడు, ఐదోదాని కోసం నీటికి దూరంగా చెట్ల మధ్యకు వెళ్లి, ఆరోదానికి మళ్లీ ఒడ్డుకు రావలసి వచ్చేది. చివరికి 1995లో ఆ స్థలాన్ని తిరిగి కొని, పేరొందిన గోల్ఫర్ జాక్ నిక్లాస్ చేత కొండ అంచున కొత్త ఐదో హోల్ గీయించి, 1998లో తెరిచారు. అమ్మిన తప్పును ఎనభై ఏళ్లకైనా దిద్దుకున్నారు. మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఒకసారి ప్లాటుగా మారిన నేల తిరిగి పచ్చికగా మారిన సంగతి నా ఎరుకలో లేదు.

సాదాగా కనిపించే ప్రతి హోల్‌నూ తాలు కింద జమ కట్టటం కూడా పొరపాటే. స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో మొదటి హోల్, చివరి హోల్ ఒకే వెడల్పాటి ఫెయిర్‌వేను, అంటే గ్రీన్ దాకా పోయే పచ్చిక దారిని, పంచుకుంటాయి. టీవీలో చూస్తే అది జిల్లా పరిషత్ హైస్కూలు మైదానంలా ఉంటుంది. ఆ పద్దెనిమిదో గ్రీన్ ముందు వ్యాలీ ఆఫ్ సిన్ అనే పల్లం ఉంది. 1995 బ్రిటిష్ ఓపెన్ పోటీలో ఇటలీ ఆటగాడు కోస్టాంటినో రోకా చిప్ (గ్రీన్ మీదికి బంతిని చిన్నగా లేపి కొట్టే దెబ్బ) చెడగొట్టుకుని బంతిని ఆ పల్లంలోకి జారవిడిచాడు, ఆ వెంటనే అక్కడి నుంచే పట్‌తో, అంటే బంతిని నేల మీద దొర్లించి, హోల్‌లో వేసి, జాన్ డేలీతో సమమై, విజేతను తేల్చే ప్లేఆఫ్‌కు వెళ్లాడు. ప్లేఆఫ్‌లో డేలీ గెలిచాడనుకోండి. చదునైన నేలలో ఒక్క పల్లం ఇంత పని చేస్తుంటే, మన దగ్గర కొత్త కోర్సులకు కృత్రిమ జలపాతాలు, ఫౌంటెన్లు దేనికో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

బావగారు మాత్రం తన తాలు సిద్ధాంతాన్ని వదులుకోలేదు. అయినా ఏటా సంక్రాంతి ముందు ఆయనే ఫోన్ చేసి, “ఆ చెరువు దగ్గరికి ఎప్పుడు పోదాం బావగారూ?” అని అడుగుతారు. వెళ్తాం, పదిహేడు హోల్స్ ఆడతాం, పద్దెనిమిదోదాని దగ్గర సంచి క్యాడీకి ఇచ్చేసి గోడ పక్కగా నడిచి వచ్చేస్తాం. స్కోరు కార్డులో ఆ గడి ఖాళీగా ఉంటుంది.