రాత్రి రెండింటికి మా బాబు ఎవరిని లేపాలి?

ప్రశ్న: నమస్కారం అమ్మా. మాది విశాఖపట్నం, గాజువాక. మా వారు మర్చంట్ నేవీలో ఇంజినీరు. ఓడెక్కితే ఆరేడు నెలలు ఇంటికి రారు. నేను బ్యాంకులో చేస్తాను. ఈసారి ప్రమోషన్ మీద ఒడిశాలోని రాయగడ పోస్టింగ్ వచ్చింది. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, పిల్లాడి వెనకాల తిరగలేరు. అందుకని ఐదో తరగతి అవుతున్న మా బాబును హాస్టల్ ఉన్న స్కూల్లో వేద్దామనుకున్నాం. ఇక్కడిదాకా ఇంట్లో గొడవ లేదు.

ఉత్తరాదిన కొండల మీద ఉన్న ఒక పెద్ద స్కూలుకి పరీక్ష రాయించాం, సీటొచ్చింది. బ్రిటిష్ వాళ్ల కాలం నాటిది, దేశమంతా పేరు. ఓడల్లో మా వారి పైఆఫీసర్లు కొందరు అలాంటి స్కూళ్లలో చదివినవాళ్లేనట, వాళ్ల మాట తీరే వేరంటారు. ఫీజు ఏడాదికి లక్షల్లో. బంధువులందరికీ అప్పుడే చెప్పేశారు. రెండోది విజయనగరం దగ్గర ఒక చిన్న రెసిడెన్షియల్ స్కూలు. పేరు చెబితే ‘అదెక్కడ?’ అంటారు. చూడ్డానికి వెళ్లినప్పుడు మావాడు అక్కడి సైన్స్ మాస్టారి పక్కన కూర్చుని, విప్పేసి ఉన్న టేబుల్ ఫ్యాను బిగించాడు. ఇంటికొచ్చాక ‘అమ్మా, అక్కడ వేసెయ్’ అన్నాడు.

మావాడు నెమ్మది. కొత్తవాళ్లతో కలవడానికి టైం పడుతుంది. ఇంకో సంగతి, రాయడానికి సిగ్గుగా ఉంది. పదేళ్లు నిండినా నెలలో రెండుమూడు సార్లు పక్క తడుపుతాడు. ఈ మాట ఏ స్కూల్లోనూ చెప్పలేదు. ‘నాలుగు రోజులు హాస్టల్లో ఉంటే అదే పోతుంది’ అంటారు మా వారు. నాకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చెయ్యమంటారు?
ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, మీరు సిగ్గుపడుతూ ఆఖరున రాసిన సంగతి దగ్గరే మొదలుపెడతాను. స్కూలు ఎంచుకోవడానికి మీ చేతిలో ఉన్న గట్టి ఆధారం అదే.

ముందు వైద్యం మాట. పదేళ్లొచ్చినా పక్క తడిపే పిల్లలు నూటికి ఐదుగురు దాకా ఉంటారు. ఎక్కువమందికి వయసుతో పాటే తగ్గిపోతుంది. ఇది బద్ధకమూ కాదు, పెంకితనమూ కాదు. గాఢనిద్రలో వాళ్లకు మెలకువ రాదు, అంతే. హాస్టల్లో వేస్తే పోతుందనే మాట చాలామంది తండ్రుల నోట విన్నాను. భయంతో తగ్గిన పిల్లాణ్ని నేనైతే చూడలేదు, పెరిగినవాళ్లను చూశాను. పిల్లల డాక్టరుకి చూపించండి. మలబద్ధకం ఉన్నా ఇలా అవుతుంది, దానికి మందిస్తే ఇదీ సర్దుకుంటుంది. ఆరు నెలలు బాగానే ఉండి మళ్లీ మొదలైందంటే మాత్రం మూత్ర పరీక్ష, షుగర్ పరీక్ష చేయించాలి. తడి తగలగానే మోగే అలారాలున్నాయి, డాక్టరు రాసిస్తే వాడే మాత్రలూ ఉన్నాయి. స్కూలు తెరిచేలోపు ఈ పని అయిపోవాలి. రాత్రి పూట దుప్పటి మార్చుకుని, తడిసింది ఎక్కడ వెయ్యాలో వేసి మళ్లీ పడుకోవడం బాబుకి ఇంట్లోనే అలవాటు చెయ్యండి. దానివల్ల సగం బెదురు పోతుంది.

ఇప్పుడు రెండు స్కూళ్లకూ ఫోన్ చెయ్యండి. ఆఫీసులో మాట్లాడేవాళ్లను కాదు, వార్డెన్‌ను అడగండి: ‘రాత్రి రెండింటికి మా బాబు పక్క తడిపితే ఎవరిని లేపాలి? ఆ మనిషి ఎక్కడ పడుకుంటారు?’ అంతే, ఇంకేం కలపకండి. ‘మా దగ్గర అలాంటి పిల్లలు ఎవరూ లేరండీ’ అన్నారంటే, ఉన్నారు కానీ నోరు విప్పి చెప్పుకోలేకపోతున్నారని అర్థం. నూరు మంది పడుకునే చోట లేకుండా ఎలా ఉంటారు? ‘ముందే చెప్పారు, మంచిపని చేశారు, పడుకునే ముందు ఒకసారి, పదకొండింటికి ఒకసారి లేపుతాం, ఆయా ఆ గదిలోనే పడుకుంటుంది’ అన్నారంటే, ఆ స్కూలు పేరు ఎవరికీ తెలియకపోయినా సరే, రాసి పెట్టుకోండి.

నేను మాట్రన్‌గా చేసిన హాస్టల్లో ఒక ఆయా ఉండేది, శ్రీకాకుళం వైపు మనిషి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, లైటు వెయ్యకుండా, వరసగా మంచాల మీద చెయ్యేసి తడుముకుంటూ వెళ్లేది. తడి తగిలితే ఆ పిల్లాణ్ని నిద్రలోనే నిలబెట్టి, నిక్కరు మార్చి, పొడి దుప్పటి వేసి పడుకోబెట్టేది. అక్కడితో ఆగేది కాదు. తడవని దుప్పట్లు కూడా ఇంకో ఏడెనిమిది లాగి, అన్నీ కలిపి ఉతికి దండెం మీద ఆరేసేది. సబ్బు దండగని స్టోరు గుమస్తా గోల పెడితే, ‘ఒక్క దుప్పటి ఆరితే ఎవుడిదో అందరికీ తెలిసిపోతాది బాబూ. పది ఆరితే ఎవుడికి తెలుస్తాది?’ అనేది. ఆ గుమస్తా తర్వాత నోరెత్తలేదు. స్కూలు వాళ్లు అచ్చు వేయించిన బ్రోచరులో ఈతకొలను ఉండేది, గుర్రం కూడా ఉండేది. ఆవిడ ఫొటో మాత్రం ఎప్పుడూ వెయ్యలేదు.

మీ వారి మాటలో పస లేదని నేననను. ఎవరితోనైనా తడబడకుండా మాట్లాడటం, దేశంలోని అన్ని మూలల నుంచీ వచ్చిన స్నేహితులు, పెద్ద లైబ్రరీ, పెద్ద గ్రౌండు ఉత్తిపుణ్యానికి దొరికేవి కావు. పాడేరు వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి నాకు తెలుసు. అలాంటి పెద్ద స్కూల్లోనే, మొదటి ఏడాది లైబ్రరీలో దూరి కూర్చునేది. మూడో ఏటికి డిబేట్‌లో ఎవర్నీ మాట్లాడనిచ్చేది కాదు. ఆ పిల్లకి ఆ చోటు సరిపోయింది. ఎందుకంటే అక్కడికి వెళ్లకముందే ఆ పిల్లకి పుస్తకాల పిచ్చి.

అయితే స్కూలు పేరు ఎలా వస్తుందో కూడా చూడాలి కదా. 1971లో సర్వేల్, ఆ మరుసటి ఏడాది తాడికొండ ప్రభుత్వ గురుకులాలు మొదలయ్యాయి. ఒకప్పుడు పదో తరగతి స్టేట్ ర్యాంకులంటే ఇలాంటి గురుకులాల పేర్లే. అక్కడి మాస్టార్లు పిల్లలతో పాటు క్యాంపస్‌లోనే ఉండి చెప్పారు, ఆ గొప్ప వాళ్లదే. కానీ ఎంట్రన్స్ పెట్టి పిల్లల్ని ఏరుకున్నారన్నదీ నిజమే. పొద్దున్నే ఎంవీపీ కాలనీ రైతుబజారుకెళ్లి లేత వంకాయలు ఏరి తెచ్చుకున్నాక కూర బాగుంటే, అందులో వంటవాడి గొప్ప ఎంత, వంకాయల గొప్ప ఎంత? మీ కొండ స్కూలు కూడా పరీక్ష పెట్టే తీసుకుంది. కాబట్టి ‘ఇక్కడ చదివినవాళ్లు ఎంత పైకొచ్చారో’ అనే లెక్క చూసి మురిసిపోకండి. మీవాడిలాంటి నెమ్మది పిల్లలు అక్కడ ఏమయ్యారో అడగండి. గత రెండుమూడేళ్లలో మధ్యలో మానేసి వెళ్లినవాళ్లెందరు, ఎందుకు వెళ్లారని అడగండి. చెప్పకపోతే అదీ ఒక జవాబే.

మన పక్కనే కోరుకొండ సైనిక్ స్కూలు ఉంది. 1962 నుంచి నడుస్తోంది. దాని ఉద్దేశం దాపరికం లేనిది: పిల్లల్ని ఎన్‌డీఏకి, అంటే సైన్యంలో ఆఫీసర్లయ్యేవాళ్లకు శిక్షణ ఇచ్చే అకాడమీకి, తయారు చెయ్యడం. తెల్లారకుండా పీటీ, డ్రిల్లు, గంట కొట్టినట్టు దినచర్య. అది ఇష్టపడే పిల్లాడు అక్కడ పువ్వులా విచ్చుకుంటాడు. మా నాన్న కోరిక అని వెళ్లినవాడు సెలవుల కోసం క్యాలెండర్ మీద గీతలు కొడుతుంటాడు. ఆ స్కూల్లో అదృష్టమేమిటంటే ఏం చేస్తారో ముందే తెలుసు. మీ కొండ స్కూలు మీవాడిని ఏం చేద్దామనుకుంటోంది? మీ వారిని ఒక్కసారి నిలబెట్టి అడగండి. ‘పెద్ద మనిషిని’ అంటే ఒప్పుకోకండి.

దాంతోపాటు ఇదీ అడగండి: పదో తరగతి తర్వాత ఏమిటి? కొండల మీద లక్షలు పోసి చదివించి, పదో తరగతి అవ్వగానే ‘ఎంపీసీ, ఐఐటీ కోచింగ్’ అని ఇక్కడి కార్పొరేట్ కాలేజీ హాస్టల్‌కి లాక్కొచ్చే ఇళ్లు మన దగ్గర తక్కువేం లేవు. మాట తీరు అబ్బే వయసుకి పిల్లాణ్ని తెచ్చి స్టడీ అవర్‌లో కూర్చోబెడతారు. మీ ఇంట్లోనూ కథ అదే అయితే, ఆ డబ్బు ఇప్పుడే దాచుకోండి.

దూరం సంగతి మీరు రాయలేదు, నేను రాస్తాను. కొండ స్కూలు రెండు రోజుల ప్రయాణం. బాబుకి జ్వరం వచ్చి సిక్‌రూమ్‌లో పడుకుంటే, ఆయన సముద్రం మీద, మీరు రాయగడలో. కొత్త బ్రాంచి, మొదటి ఏడాది సెలవు దొరకడం ఎంత కష్టమో మీకు నేను చెప్పాలా? అదే విజయనగరమైతే మీ రాయగడ రైలు దాని మీదుగానే వెళ్తుంది. శనివారం గాజువాకకు వచ్చేటప్పుడు మధ్యలో దిగి, గంటసేపు కూర్చుని, తర్వాతి బండి ఎక్కొచ్చు. నెమ్మది పిల్లాడికి మొదటి ఏడాది ఆ గంట చాలా పెద్దది.

ఇదంతా చదివి, చిన్న స్కూలు కాబట్టి మంచిదే అనుకునేరు. అస్సలు కాదు. అసలు చిన్నచోట్లే ఎక్కువ జాగ్రత్తగా చూడాలి. గుర్తింపు ఏ బోర్డుదో కాగితం చూపించమనండి. ఇంకోసారి వెళ్లండి, ఈసారి చెప్పకుండా, సాయంత్రం ఐదింటికి. పొద్దున్న అన్ని స్కూళ్లూ బాగానే ఉంటాయి. స్కూలు గంట కొట్టిన దగ్గర్నుంచి పడుకునే దాకా పిల్లలు ఏం చేస్తున్నారో చూడండి. బాత్రూముల్లోకి వెళ్లండి, కుళాయి తిప్పండి, లోపల గడియ పడుతోందో లేదో చూడండి. రాత్రి మెస్‌లో పిల్లలతో పాటు తినండి, సాంబారు కాదు, పెరుగు చూడండి. నీళ్లు కలిపారా లేదా అక్కడ తెలిసిపోతుంది. ఫోన్ ఏ రోజు, ఎన్ని నిమిషాలు, పక్కన ఎవరైనా నిలబడి వింటారా అని అడగండి. ఆ ఫ్యాను మాస్టారు అక్కడ ఎన్నాళ్లుగా ఉన్నారో కనుక్కోండి. చిన్న స్కూళ్లు ఒక్కోసారి ఒక్క మనిషి మీద నడుస్తాయి. ఆయన వేరేచోట జీతం ఎక్కువని వెళ్లిపోతే మీవాడికి మిగిలేది గోడలే. మాస్టార్లు ఏటా మారిపోతున్నారని తెలిస్తే ఆ స్కూలూ వద్దు, ఈ రెండూ కాక మూడోది వెతకండి.

ఇవన్నీ సరిగ్గా ఉంటే నా ఓటు విజయనగరానికే. పిల్లాడు తన నోటితో ‘వేసెయ్’ అన్నాడు చూడండి, నెమ్మది పిల్లలు ఆ మాట ఊరికే అనరు.

బంధువుల గురించి దిగులు పెట్టుకోకండి. వారం రోజులు చెప్పుకుంటారు, ఈలోగా ఎవరింట్లోనో పెళ్లి కుదురుతుంది. మీ వారికి మాత్రం మాట పోయిందనిపించకుండా చూడండి. ఓడెక్కేముందు ఆయన్నే విజయనగరం తీసుకెళ్లి, రాత్రి రెండింటి ప్రశ్న ఆయన చేతే అడిగించండి. ఇంకో మాట, ఏ స్కూల్లో కట్టినా మొదటి టర్మ్‌లో మాన్పిస్తే ఎంత వెనక్కిస్తారో కాగితం మీద రాయించుకున్నాకే డబ్బు కట్టండి.

ప్రశ్న: మాది పద్మనాభం మండలం. నేను ఆటో తోలుతాను. మా అమ్మాయికి ఆరో తరగతికి కొమ్మాది నవోదయలో సీటొచ్చింది. మా బావ, ‘ఆడపిల్లని సర్కారు హాస్టల్లో పడేస్తావా, అప్పు చేసైనా సిటీలో మంచి పేరున్న ప్రైవేటు హాస్టల్లో వెయ్యి’ అంటున్నాడు. టెన్షన్‌గా ఉంది.
ఒక తండ్రి

జవాబు: నాయనా, మీ బావగారు ఆ అప్పు తను తీరుస్తానన్నారా? లేదంటే ఈ విషయంలో ఆయన మాట వినకండి. 1985-86లో రెండు స్కూళ్లతో మొదలైన నవోదయలు ఇప్పుడు దేశంలో చాలా జిల్లాల్లో ఉన్నాయి. సీట్లలో 75 శాతం పల్లె పిల్లలకే, మూడో వంతు ఆడపిల్లలకు. పరీక్షలో నెగ్గితేనే వస్తుంది. చదువు, తిండి, బస, పుస్తకాలు, యూనిఫాం అన్నీ ఉచితం. తొమ్మిదో తరగతి నుంచి కొందరి దగ్గర నెలకు కొంత తీసుకుంటారు, ఆడపిల్లలకు అదీ లేదు. ముందు మీ అమ్మాయిని తీసుకుని ఒకసారి వెళ్లిరండి, అక్కడ ఏడో తరగతి చదివే పిల్లలతో కాసేపు వదిలెయ్యండి. రాత్రికి మీరు అడక్కుండానే చెబుతుంది.

ఒక్క సంగతి ముందే తెలుసుకోండి. తొమ్మిదో తరగతిలో కొంతమందిని ఏడాది పాటు హిందీ మాట్లాడే రాష్ట్రంలోని నవోదయకు పంపి, అక్కడివాళ్లను ఇక్కడికి తెస్తారు. అప్పుడు మీ ఇంట్లో పెద్ద గోల అవుతుంది, మీ బావగారు మళ్లీ వస్తారు. అందుకని ఇప్పట్నుంచే ఆమె చెవిన నాలుగు హిందీ మాటలు పడనివ్వండి. ఇక చేరే రోజుకి బకెట్ మీద, మగ్గు మీద పేరు పెయింటుతో రాయించండి. స్టిక్కర్లు వారంలో ఊడిపోతాయి.