చిరిగిన పొర తనే అతుక్కుంటుందా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయని ఆర్వో పెట్టించుకున్నాం. సర్వీసుకు వచ్చినతను ‘సెల్ఫ్ హీలింగ్’ మెంబ్రేన్ (ఉప్పును వడగట్టే పొర) వచ్చిందని, చిల్లు పడినా దానంతటదే పూడుకుపోతుందని, ఐదేళ్ళు మార్చక్కర్లేదని 4 వేలు ఎక్కువ అడుగుతున్నాడు. తీసుకోమంటారా?

జవాబు: ఆ సైన్స్ నిజమే. కానీ మీ ఇంటి ఆర్వోకి ఆ 4 వేలు పెట్టకండి.

పగుళ్ళు తనే పూడ్చుకునే ప్లాస్టిక్‌ను 2001లో అమెరికాలోని ఇల్లినాయి యూనివర్సిటీ పరిశోధకులు చేసి చూపించారు. పదార్థంలో కంటికి ఆనని గుళికలు కలుపుతారు. పగులు వచ్చినచోట అవి చిట్లి, లోపలి ద్రవం కారి గట్టిపడుతుంది. తర్వాత ఇతర పద్ధతులూ వచ్చాయి. నీళ్ళు తగలగానే ఉబ్బి సందును మూసే జెల్, తెగినా మళ్ళీ పట్టుకునే బలహీన బంధాలున్న పాలిమర్ అలాంటివే. ఫిల్టర్ పొరలో ఇది చాలా కష్టం. చిల్లును మూయాలి గానీ నీళ్ళు వెళ్ళే దారిని మూయకూడదు కదా!

దీని అవసరం ఎక్కువగా ఉన్నది పెద్ద నీటిశుద్ధి ప్లాంట్లలో. అక్కడ సేమియా లాంటి బోలు గొట్టాలు వేలకొద్దీ ఉంటాయి. ఒక్కటి తెగినా మురికి నీరు మంచినీటిలో కలుస్తుంది. గాలి ఒత్తిడితో పరీక్షించి, తెగినదాన్ని వెతికి చేత్తో బిరడా కొడతారు. ఆ గొట్టం తనే అతుక్కుంటే ఎంత మేలో! అందుకే ఈ పరిశోధన మీద నాకు చాలా ఆశ ఉంది.

మీ ఆర్వో సంగతి వేరు. అందులో ఉప్పును ఆపే పాలిఅమైడ్ పొర మందం మన వెంట్రుక మందాన్ని కొన్ని వందల భాగాలు చేస్తే అందులో ఒక భాగమంత. దాన్ని ఎక్కువగా పాడుచేసేవి బోరు నీళ్ళ సున్నం పేరుకోవడం, బురద, కొళాయి నీళ్ళలో కలిపే క్లోరిన్. పేరుకున్న సున్నాన్ని ఏ అతుకూ కరిగించదు. ముందున్న సెడిమెంట్ (బురదను ఆపేది), కార్బన్ (క్లోరిన్‌ను ఆపేది) ఫిల్టర్లు వేళకు మార్చండి, మెంబ్రేన్ ఎక్కువ కాలం వస్తుంది.

ఒక టీడీఎస్ మీటర్ కొనుక్కోండి. లీటరు నీళ్ళలో ఎన్ని మిల్లీగ్రాముల ఉప్పులు కరిగి ఉన్నాయో అది చూపిస్తుంది. లోపలికి వెళ్ళే నీళ్ళు 1500, బయటికొచ్చేవి 100 అనుకుందాం. వందకు 93 వంతుల ఉప్పు ఆగుతున్నట్టే, మెంబ్రేన్ బాగుంది. ఆ 100 ఉన్నట్టుండి 400 అయితే మెంబ్రేన్ మార్చేముందు దాని రబ్బరు రింగు సరిగా కూర్చుందో లేదో చూడమనండి. అంకె బాగానే ఉండి ధార సన్నబడితే ఎక్కడో పేరుకుపోయినట్టు. అయితే మీటర్ ఉప్పునే చూపిస్తుంది, క్రిములను కాదు.

ఇంకో మాట. పంచాయతీ కొళాయిలో ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే గోదావరి కాలువ నీళ్ళు వస్తుంటే వాటినీ కొలవండి. భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రకారం తాగునీటికి టీడీఎస్ 500 లోపు ఉండాలి, వేరే నీళ్ళు దొరకనప్పుడే 2000 దాకా సరే. కాలువ నీళ్ళలో సాధారణంగా ఉప్పు తక్కువ. వాటికి యూఎఫ్ (సన్న రంధ్రాల వడపోత), యూవీ (క్రిములను చంపే అతినీలలోహిత దీపం) ఉన్న ఫిల్టర్ చాలు, తరచూ సగానికి పైగా నీళ్ళు వృథాగా పారబోసే ఆర్వో అనవసరం. వేసవిలో కాలువలు కట్టేశాక ఆ నీళ్ళు నిల్వ చేసే చెరువు అడుగంటుతుంది కాబట్టి అప్పుడు మళ్ళీ కొలవండి.

ఆ సర్వీసతను మళ్ళీ వస్తే ఐదేళ్ళ మాట బిల్లు మీద రాసి, ఎంత టీడీఎస్‌కు ఎంత దిగుతుందో కూడా వేసి సంతకం పెట్టమనండి.