ఎంఏ ఇంగ్లీష్, బీఎడ్ ఉన్నాయి. విదేశాల్లో టీచర్ ఉద్యోగానికి ఏజెంటుకు లక్షన్నర కట్టవచ్చా?

ఖమ్మంలో ఒక కార్పొరేట్ స్కూల్లో నాలుగేళ్లుగా ఇంగ్లీష్ చెబుతున్నానని, పదో తరగతి దాకా చదివింది తెలుగు మీడియమని రాశారు. లక్షన్నర కడితే థాయిలాండ్‌లో టీచర్ ఉద్యోగం ఇప్పిస్తామని ఒక కన్సల్టెన్సీ అంటోందట. కట్టాలా, వేరే దేశం చూసుకోవాలా, ఆన్‌లైన్‌లో అమ్మే 120 గంటల ఇంగ్లీష్ బోధన కోర్సు చేయాలా అని అడిగారు. ఉచ్చారణ గురించి భయంగా ఉందనీ రాశారు.

కట్టకండి. మీకున్న చదువుకు, అనుభవానికి ఆ ఉద్యోగం మీరే వెతుక్కోగలరు. మాది కాకినాడ దగ్గర ఊరు. నేను మాల్దీవుల్లో ప్రభుత్వ బడిలో కొన్నేళ్లు ఇంగ్లీష్ చెప్పి, ఇప్పుడు థాయిలాండ్ ఈశాన్యంలో ఖొన్ కేన్ వైపు ఒక బడిలో పనిచేస్తున్నాను. నాకు తెలిసినంతవరకు చెబుతాను.

ముందు ఏజెంటు సంగతి. విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంటు విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. ఆ జాబితా ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఎవరైనా చూడవచ్చు. రిజిస్టర్ అయిన ఏజెంటు కూడా అభ్యర్థి దగ్గర 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ కంటే ఎక్కువ తీసుకోకూడదు. లక్షన్నర అడిగారంటేనే ఆ మనుషులెలాంటివాళ్లో తెలుస్తోంది. "ముందు టూరిస్ట్ వీసా మీద వెళ్లండి, అక్కడికి వెళ్లాక మారుస్తాం" అని కూడా అని ఉంటారు, అడిగి చూడండి. టూరిస్ట్ వీసా మీద పాఠం చెప్పడం థాయిలాండ్‌లో చట్టవిరుద్ధం. పట్టుబడితే ఇబ్బంది పడేది మీరు, ఏజెంటు కాదు. బ్యాంకాక్‌లో ఉద్యోగమని చెప్పి మన పిల్లల్ని సరిహద్దు దాటించి మయన్మార్‌లోని మ్యావడీ వైపు సైబర్ మోసాల శిబిరాలకు తోలిన సంగతి మీరూ వినే ఉంటారు. 2024 మేలో విశాఖ పోలీసులు కంబోడియాకు ఇలాగే పంపిన ఏజెంట్లను అరెస్టు చేశారు. టీచర్ ఉద్యోగమని చెప్పినంత మాత్రాన ఆ ప్రమాదం పోదు. మనిషి సాయం కావాలనుకుంటే విదేశీ ఉద్యోగాలకు పంపే టామ్‌కామ్ అనే సంస్థ తెలంగాణ ప్రభుత్వానికి ఉంది, ముందు అక్కడ అడగండి.

ఇక ఏ దేశం అన్న ప్రశ్న. అమెరికా, బ్రిటన్ పాస్‌పోర్టు ఉన్న కుర్రాడికి చాలాచోట్ల డిగ్రీ ఒక్కటి ఉంటే చాలు. పాఠం చెప్పడం వచ్చా రాదా అని పెద్దగా అడగరు. ఇది అన్యాయమే. నా పక్క క్లాసులో నాకంటే తక్కువ చదివినవాళ్లు నాకంటే ఎక్కువ జీతం తీసుకోవడం చూశాను, ఇప్పటికీ నాకు అది మింగుడు పడదు. కానీ దాంతో పోట్లాడుతూ ఏళ్లు పోగొట్టుకోకండి. పాస్‌పోర్టును కాక టీచర్‌ను వెతికే దేశాలు ఉన్నాయి, అక్కడ మీ బీఎడ్‌కు విలువుంది.

దక్షిణ కొరియాలో ఇంగ్లీష్ టీచర్ల ఈ-2 వీసా మామూలుగా 7 దేశాల వాళ్లకే ఇస్తారు: అమెరికా, కెనడా, బ్రిటన్, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. 2010లో అమల్లోకి వచ్చిన భారత్-కొరియా ఒప్పందం వల్ల టీచర్ అర్హత ఉన్న భారతీయులకు ప్రభుత్వ బళ్లలో సహాయ ఉపాధ్యాయులుగా దారి తెరిచారు కానీ, ఆ దారిన వెళ్లినవాళ్లు బహు తక్కువ. జపాన్‌లో సాధారణంగా 12 ఏళ్లు ఇంగ్లీష్ మీడియంలో చదివి ఉండాలని అడుగుతారు. తెలుగు మీడియం వాళ్లకు అక్కడే ఆగిపోతుంది. ఈ రెండూ పక్కన పెట్టేయండి.

మీరు మొదట చూడాల్సింది మాల్దీవులు అని నా గట్టి అభిప్రాయం. అక్కడ బళ్లలో చదువు ఎక్కువగా ఇంగ్లీష్‌లోనే, పిల్లలు పదో తరగతి చివర కేంబ్రిడ్జ్ పరీక్షలు రాస్తారు. సొంత టీచర్లు చాలక ఎన్నో దశాబ్దాలుగా మన దేశం నుంచే తీసుకుంటున్నారు. కేరళ, తమిళనాడు వాళ్లు ఎక్కువ, మన వాళ్లూ ఉన్నారు. ఇండియన్ టీచర్ అంటే అక్కడి తల్లిదండ్రులకు కొత్త కాదు, అనుమానమూ లేదు. నేను చేరిన దీవిలో పిల్లల తల్లులకు కూడా చిన్నప్పుడు లెక్కలు చెప్పింది మన వాళ్లే. మొదటిసారి దేశం దాటే టీచర్‌కు ఈ గౌరవం చాలా ధైర్యం ఇస్తుంది.

కానీ ఫోటోల్లో చూసే మాల్దీవులు వేరు, బడి ఉండే దీవి వేరు. అరగంటలో నడిచి తిరిగి రాగలిగే దీవిలో రెండేళ్లు ఉండగలరా అని మిమ్మల్ని మీరు అడగండి. కూరగాయలు పడవలో రావాలి. నైరుతి రుతుపవనాలప్పుడు సముద్రం పోటు మీదుంటే పడవ రాదు, అప్పుడు పప్పు, కొబ్బరి, గుడ్లతో సరిపెట్టుకోవాలి. చేపలు తినేవాళ్లకైతే లోటే లేదు, ట్యూనా రోజూ ఉంటుంది. సెలవులు శుక్ర, శనివారాలు. రంజాన్ నెలలో పగలు బయట ఏమీ తినకూడదు, తాగకూడదు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఏజెంట్లెవరూ చెప్పనిది: అక్కడ ఇస్లాం తప్ప వేరే మతాన్ని బహిరంగంగా ఆచరించకూడదు, పూజకు విగ్రహాలు తీసుకెళ్లడం నిషేధం. మాకు తెలిసిన ఒకావిడ సూట్‌కేసులో చిన్న వినాయకుణ్ణి పెట్టుకొచ్చి విమానాశ్రయంలో నానా టెన్షన్ పడింది. నియమం ముందే తెలిస్తే ఎవరి మనసూ నొచ్చుకోదు.

డబ్బు విషయంలో ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: జీతం అక్కడి కరెన్సీ రుఫియాలో ఇస్తారా, డాలర్లలోనా? డాలర్‌కు అధికారిక రేటు 15.42 రుఫియాలు. ఆ రేటుకు ఇంటికి పంపడానికి కావలసినన్ని డాలర్లు బ్యాంకులో దొరకవు, పంపే మొత్తానికి పరిమితులు ఉంటాయి. బయట కొంటే రేటు ఎక్కువ. మీ ఇంటి అప్పు కిస్తీ ఈ జీతం మీదే ఆధారపడితే ఇది చిన్న విషయం కాదు. ఇల్లు, ఏడాదికోసారి రానుపోను టికెట్ ఎవరిదో కూడా కాంట్రాక్టులో రాసి ఉండాలి.

థాయిలాండ్ రెండో ఎంపికగా పెట్టుకోండి. ఇక్కడ ఫిలిప్పీన్స్ వాళ్లతో పోటీ ఎక్కువ. మన లాంటి వాళ్లను టోయిక్ అనే ఇంగ్లీష్ పరీక్షలో 600 మార్కులు అడుగుతారు, మీకు అది కష్టం కాదు. స్కూలు వాళ్లు ఇచ్చే కాగితాలతో ముందు ఉద్యోగానికిచ్చే నాన్-బి వీసా, ఆపైన టీచర్స్ కౌన్సిల్ అనుమతి, వర్క్ పర్మిట్ తీసుకోవాలి. బీఎడ్ ఉన్నవాళ్లకు టీచర్ లైసెన్సు దారి సులువు, ఉత్త డిగ్రీ వాళ్లు తాత్కాలిక అనుమతులతో నెట్టుకురావాలి. జీతం మన వాళ్లకు నెలకు 20,000 నుంచి 25,000 బాత్ వరకు ఎక్కువగా కనిపిస్తుంది. బ్యాంకాక్‌లో అది ఖర్చులకే అయిపోతుంది, మా వైపు చిన్న పట్టణాల్లో అయితే కొంత మిగులుతుంది. లక్షన్నర కట్టి వస్తే అది తిరిగి రావడానికి ఎన్ని నెలలు పడుతుందో మీరే లెక్క వేసుకోండి.

గల్ఫ్‌లో సీబీఎస్ఈ స్కూళ్లు ఉన్నాయి, మన అనుభవం వాళ్లకు నేరుగా పనికొస్తుంది. అక్కడ నేను పనిచేయలేదు కాబట్టి ఒక్కటే చెబుతాను, బీఎడ్ లేకుండా ప్రయత్నించవద్దు. మీకు ఉంది కాబట్టి అప్లై చేయండి.

ఇప్పుడు అసలు పని, కాగితాలు. మన వాళ్ల ఉద్యోగాలు ఎక్కువగా చేజారేది ఇక్కడే. ఇంటర్వ్యూ బాగా చేసి, ఆఫర్ వచ్చాక సర్టిఫికెట్ల కోసం పరుగెత్తేసరికి బళ్లు తెరుస్తారు, ఆ సీటు వేరేవాళ్లకు ఇచ్చేస్తారు. మీ స్కూల్ వాళ్లు చేరేటప్పుడు ఒరిజినల్స్ తీసుకుని పెట్టుకున్నారా? అయితే ఈ వారమే అడగడం మొదలుపెట్టండి. విద్యాసంవత్సరం మధ్యలో అయితే ఇవ్వం అంటారు, కాబట్టి ఏప్రిల్ నాటికి చేతికి వచ్చేలా రాతపూర్వకంగా అడిగి, ఆ కాపీ దగ్గర పెట్టుకోండి. యూనివర్సిటీ నుంచి ప్రొవిజనల్ మాత్రమే తీసుకుని వదిలేసి ఉంటే ఒరిజినల్ డిగ్రీకి అప్లై చేయండి. బయట దేశంలో ప్రొవిజనల్‌ను లెక్కలోకి తీసుకోరు. తర్వాత రాష్ట్ర ప్రభుత్వ ధృవీకరణ, ఆపైన విదేశాంగ శాఖ అటెస్టేషన్. దానికి ఢిల్లీ వెళ్లనక్కర్లేదు, హైదరాబాద్‌లోని బ్రాంచ్ సెక్రటేరియట్ పరిధిలో జరుగుతుంది. పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్ట్ సేవాలో తీసుకోవాలి, అది మాత్రం ముందే తీయకండి, పాతబడితే ఒప్పుకోరు. పాస్‌పోర్టులో, పదో తరగతి మెమోలో, డిగ్రీలో పేరు ఒకేలా ఉందా చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంగా ఉండడం మన దగ్గర మామూలే, అక్కడి గుమాస్తాకు మాత్రం ఇద్దరు మనుషుల్లా కనిపిస్తుంది. అనుభవ సర్టిఫికెట్‌లో చేరిన తేదీ, చెప్పిన తరగతులు, సబ్జెక్టు, ప్రిన్సిపాల్ సంతకం, ఫోన్ నంబరు ఉండాలి.

ఆ 120 గంటల ఆన్‌లైన్ కోర్సు బీఎడ్ ఉన్న మీకు పెద్దగా ఏమీ కలపదు. ఏ స్కూలైనా ప్రత్యేకంగా అడిగితే అప్పుడు చేయవచ్చు. నిజంగా నేర్చుకోవాలంటే హైదరాబాద్‌లోని ఇంగ్లీష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) దూరవిద్యలో ఇంగ్లీష్ బోధన మీద ఇచ్చే పీజీ డిప్లొమా చూడండి. కేంబ్రిడ్జ్ వాళ్ల సెల్టా అనే టీచర్ శిక్షణ కోర్సు కూడా మంచిదే, అందులో 6 గంటలు నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పి పరీక్షకులకు చూపించాలి. కానీ ఖర్చు లక్ష దాటుతుంది. మొదటి ఉద్యోగానికి అది అవసరం లేదు.

వీటన్నింటికంటే డెమో క్లాసుకు సిద్ధపడడం మీద సమయం పెట్టండి. ఖమ్మమైనా విజయవాడైనా కార్పొరేట్ స్కూళ్లలో మనకు అలవాటైంది పాఠం చదివి వినిపించడం, ప్రశ్నలూ జవాబులూ రాయించడం, వారం పరీక్ష పెట్టడం. ఆ పద్ధతి డెమోలో చూపిస్తే పది నిమిషాల్లో థాంక్యూ చెప్పేస్తారు. ఇరవై నిమిషాలు ఇస్తే అందులో మీరు మాట్లాడేది ఎనిమిది నిమిషాలు దాటకూడదు, మిగతాది పిల్లలు మాట్లాడాలి, రాయాలి. మాల్దీవుల పిల్లలు గలగలా మాట్లాడతారు, రాయమంటే వెనకాడతారు. ఫిర్యాదు ఉత్తరం రాయడం నేర్పాల్సి వచ్చినప్పుడు పుస్తకంలోని పాఠం పక్కన పెట్టి, ఫెర్రీ వేళలు మార్చమని ఐలాండ్ కౌన్సిల్‌కు రాయండి అన్నాను. ఆ ఫెర్రీ వాళ్ల రోజువారీ బాధ. నోరెత్తని పిల్లవాడు కూడా పేజీ నింపాడు. అలాంటి ఒక్క క్లాసు వివరంగా చెప్పగలిగితే ఇంటర్వ్యూలో మీ సర్టిఫికెట్ల కంటే ఎక్కువ పనిచేస్తుంది. ఖమ్మంలో మీ పిల్లలతో ఇప్పటినుంచే చేసి, ఫోన్‌లో రికార్డు చేసుకోండి.

ఉచ్చారణ గురించి భయపడుతున్నారని మీ ప్రశ్నలో కనిపించింది. అమెరికన్ యాస తెచ్చిపెట్టుకోవద్దు, ఐదు నిమిషాలకే జారిపోతుంది. తెలుగువాళ్లం రెండు చోట్ల పట్టుబడతాం. ఇంగ్లీష్ మాటల చివర అచ్చు చేర్చి బస్సు, రోడ్డు అనేస్తాం. అన్ని అక్షరాలనూ ఒకే బలంతో పలుకుతాం, వాళ్లు ఒక్కచోట నొక్కుతారు. రోజూ ఒక పేరా చదివి రికార్డు చేసి, నొక్కు ఎక్కడ పడిందో డిక్షనరీలో వినిపించే ఉచ్చారణతో పోల్చుకోండి. రెండు నెలల్లో తేడా మీకే వినిపిస్తుంది. పదో తరగతి దాకా తెలుగు మీడియం అని మీరు సిగ్గుపడనక్కర్లేదు. ఇంగ్లీష్ కష్టపడి నేర్చుకున్నవాళ్లకే పిల్లవాడు ఎక్కడ తడబడతాడో తెలుస్తుంది. ఇంటర్వ్యూలో ఈ మాట నేను ధైర్యంగా చెప్పాను, మీరూ చెప్పండి.

థాయిలాండ్‌లో బళ్లు మే మధ్యలో తెరుస్తారు కాబట్టి ఫిబ్రవరి, మార్చిలో అప్లికేషన్లు పంపాలి. మాల్దీవుల ఖాళీలు అక్కడి విద్యాశాఖ, స్కూళ్లు స్వయంగా ఇచ్చే ప్రకటనల్లో చూడండి, మధ్యవర్తి ప్రకటనల్లో కాదు. ఆఫర్ వచ్చాక స్కూల్ ఫోన్ నంబరు వాళ్ల సొంత వెబ్‌సైట్ నుంచి తీసుకుని ఫోన్ చేసి, ఆ ఉత్తరం వాళ్లే పంపారా అని అడగండి. అక్కడ ఇప్పటికే పనిచేస్తున్న ఒక ఇండియన్ టీచర్‌తో మాట్లాడించమనండి. మంచి స్కూల్ ఏదీ దీనికి కాదనదు. కాంట్రాక్టు వచ్చాక అర్థంకాని షరతు ఏదైనా ఉంటే ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.