మర్యాదలకే జీవితం ధారపోసిన దక్షిణాది మహిళ ఎవరంటే, షార్లట్ హాకిన్స్ బ్రౌన్

ప్రశ్న: అమెరికా దక్షిణాది రాష్ట్రాల మర్యాదల గురించి గొప్పగా చెబుతారు. వాటికే పేరుపడ్డ మహిళ ఎవరైనా ఉన్నారా?

ఉన్నారు. ఈ మాట వినగానే పెద్ద తోట బంగళాలో లేసు గౌను వేసుకున్న తెల్ల దొరసాని కళ్లముందు కదులుతుంది చాలామందికి. నేను చెప్పేది నల్లజాతి పంతులమ్మ గురించి. షార్లట్ హాకిన్స్ బ్రౌన్ 1883లో నార్త్ కరోలినాలోని హెండర్సన్‌లో పుట్టారు, మసాచుసెట్స్‌లో పెరిగారు. ఇంట్లో పెట్టిన పేరు లాటీ. చదువు పూర్తయి పట్టా చేతికొచ్చే వేళకి ఆ పేరులో హుందాతనం చాల్లేదనిపించి షార్లట్ యూజీనియా అని మార్చుకున్నారు. ఆవిడ తత్వం అక్కడే తెలిసిపోతుంది.

1901లో, పద్దెనిమిదేళ్లకి, నార్త్ కరోలినాలోనే ఉన్న సెడేలియా అనే పల్లెకి పాఠాలు చెప్పడానికి వచ్చారు. మరుసటి ఏడాదే ఆ మిషనరీ బడి మూతపడితే, పాత కమ్మరి కొట్టంలో సొంతంగా బడి పెట్టి, తన చదువుకి సాయం చేసిన ఆలిస్ ఫ్రీమన్ పామర్ పేరు దానికి పెట్టారు. 1952 దాకా అధిపతి ఆవిడే. 1941లో మర్యాదల మీద చిన్న పుస్తకం కూడా రాశారు.

ఇంతకీ ఆ మర్యాదలేమిటి? భోజనాల బల్ల సంగతే తీసుకోండి, పద్ధతి ఇప్పటికీ అదే. పళ్లేనికి ఎడమన ఫోర్కులు, కుడిన కత్తి, పదును పళ్లెం వైపు. కత్తి పక్కన స్పూన్లు. బయటివి ముందు వాడి లోపలికి రావాలి. బ్రెడ్డు పళ్లెం ఎడమన, నీళ్ల గ్లాసు కుడిన కత్తి మొనకి కాస్త పైన. మనవాళ్లు తడబడేది ఇక్కడే. కుడిచేతి అలవాటుకొద్దీ పక్కవాళ్ల బ్రెడ్డు తీసేసుకుంటారు, అక్కణ్ణుంచి బల్ల చివరిదాకా ఎవరి బ్రెడ్డు ఎవరిదో తెలియదు. బ్రెడ్డుని ఒక ముద్దకి సరిపడా తుంచి ఆ ముక్కకే వెన్న రాసుకోవాలి. ఉప్పు అడిగితే మిరియాల సీసా కూడా కలిపే అందించాలి, లేకపోతే రెండో నిమిషంలో ఇంకొకరు దాన్ని వెతుక్కుంటారు. గిన్నెలన్నీ కుడివైపుకే సాగాలి. రెండు వైపులా పంపితే మధ్యలో ఒకరి దగ్గర రెండు గిన్నెలు పోగుపడి, చేతులు ఖాళీ లేక వాళ్ల తిండి ఆగిపోతుంది. ఐస్ టీ కలిపిన పొడుగు స్పూను గ్లాసులో వదిలేస్తే తాగేటప్పుడు కంటికి తగులుతుంది, తీసి సాసర్లో పెట్టాలి.

ఇక్కడొక మాట అనకుండా ఉండలేను. మన ఊళ్లలో పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులని ఫీజులు గుంజేవాళ్లు ఈ ఫోర్కు దగ్గరే ఆగిపోతారు. వడ్డించే మనిషిని "ఏయ్" అని పిలవకూడదని ఒక్కరూ చెప్పరు.

పిలుపు దగ్గరే ఉంది అసలు సంగతి. అప్పటి దక్షిణాదిలో తెల్లవాళ్లు నల్ల స్త్రీని మిసెస్ ఫలానా అనేవాళ్లు కాదు. డెబ్బై ఏళ్లావిణ్ణి కూడా చిన్నపిల్లని పిలిచినట్టు ఉత్త పేరుతోనే పిలిచేవాళ్లు. అలాంటి చోట పిల్లలకి నిలబడే తీరు, మాట్లాడే తీరు నేర్పడమంటే, అవమానించేవాడికి వంక దొరక్కుండా చెయ్యడం. ఒట్టి సింగారం అనుకునేవాళ్లకి 1920 అక్టోబరులో జరిగింది చెప్పాలి. మెంఫిస్‌లో తెల్ల క్రైస్తవ మహిళల సభలో మాట్లాడటానికి ఆవిడ రైల్లో స్లీపర్ బెర్తులో వెళ్తున్నారు. దారిలో డజను మంది తెల్ల మగవాళ్లు వచ్చి బెర్తు ఖాళీ చేయించి, నల్లవాళ్లకి కేటాయించిన పెట్టెలోకి నడిపించారు. అదే సభకి వెళ్తున్న తెల్ల స్త్రీలు కొందరు ఆ స్లీపర్ పెట్టెలోనే ఉన్నారు. ఒక్కరూ నోరు మెదపలేదు. ఆవిడ సభకి వెళ్లి, వేదికెక్కి, జరిగింది జరిగినట్టు వాళ్ల ముందే చెప్పారు. మీరు తలుచుకుంటే మీ మగవాళ్లు చేసే లించింగులు (గుంపుగా వచ్చి నల్లవాళ్లని చంపడం) ఆపగలరని, మా వాళ్లకి జరిగే ప్రతిదానికీ మీ గుమ్మం ముందే లెక్క అడుగుతామని మొహం మీదే అన్నారు. గొంతు హుందాగానే ఉండి ఉంటుంది, నాకు అనుమానం లేదు.

తెల్లవాళ్ల మెప్పు కోసం పాకులాడారని ఆవిణ్ణి తప్పుపట్టేవాళ్లున్నారు. నేనొప్పుకోను. సెడేలియాకి పది మైళ్ల దూరంలోని గ్రీన్స్‌బరోలో 1960 ఫిబ్రవరి 1న నలుగురు నల్ల కుర్రాళ్లు ఒక దుకాణంలో వేరే సరుకులు కొని రసీదు తీసుకుని, తెల్లవాళ్లకే వడ్డించే భోజనం కౌంటరు దగ్గర కూర్చుని మర్యాదగా కాఫీ అడిగారు. పొమ్మంటే కదల్లేదు. వాళ్లు ఆవిడ బడి పిల్లలు కారు. కానీ ఆ గాలి ఎటునుంచి వీచిందో నాకు తెలుసు.

1961 జనవరిలో ఆవిడ పోయారు. రెండేళ్లకి అలబామా కోర్టులో మేరీ హామిల్టన్ అనే నల్ల ఉద్యమకారిణి, లాయరు తనని ఉత్త "మేరీ" అన్నంతసేపూ జవాబివ్వనంది. ఐదు రోజుల జైలు, 50 డాలర్ల జరిమానా వేశారు. 1964లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది.

1971లో బడి ప్రధాన భవనం కాలిపోయింది, ఆ ఏడాదే బడీ మూతపడింది. 1987 నుంచి అది మ్యూజియం. అదే రాష్ట్రంలోని కేరీ, మోరిస్‌విల్ ఊళ్లలో ఉండే మనవాళ్లకి కారులో గంట దూరం. ప్రతి శరదృతువులో ఆకుల రంగులు చూడటానికి దాని పక్కనుంచే కొండలకి వెళ్తుంటారు, ఈసారి హైవే దిగి చూడండి.