బ్రిటోమార్ట్‌ను ముంచింది జర్మన్లు కాదండీ

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ నౌకాదళపు ఓడ బ్రిటోమార్ట్ 'విమాన దాడిలో మునిగింది' అని చదివి, ఆ రోజు అక్కడ జర్మన్ విమానాలే లేవే అని అడిగారు కదా. మీ అనుమానం సరైనదే. 1944 ఆగస్టు 27 మధ్యాహ్నం, ఫ్రాన్స్‌లో లె హావ్ర్ దగ్గర సముద్రంలో మైన్లు (నీళ్లలో పెట్టే బాంబులు) ఏరుతున్న ఆ ఓడ మీద రాకెట్లు వేసింది బ్రిటన్ సొంత టైఫూన్ విమానాలే. తోడున్న హస్సర్ అనే ఓడ కూడా మునిగింది. సాలమాండర్ అనే ఇంకో ఓడ మళ్లీ పనికిరాలేదు. మొత్తం 117 మంది పోయారు.

ఓడలకిచ్చిన పని మార్చారు, ఆ కబురు మాత్రం ఆ ప్రాంత నౌకాధికారికి చేరలేదు. దాంతో అవి శత్రువుల ఓడలనుకున్నారు. ఇవి మనవేమో అని పైలట్లు పైనుంచి అడిగారు కూడా! కొట్టమనే జవాబొచ్చింది. అక్కడికొచ్చేసరికి నాకు గుండె బరువెక్కుతుంది. బతికినవాళ్లను నోరు విప్పొద్దన్నారు, కాగితాలు ఏళ్లపాటు మూసేశారు. ఇంకా తెలుసుకోవాలంటే హస్సర్, ఆ దళంలోనే ఉన్న జేసన్ ఓడల పేర్లతో కూడా వెతకండి.